కొనేవాళ్లంతా ఒక్కటైతే అమ్మేవాడి గతేంటి? పొగాకు చెప్పే చరిత్ర

రెండు పెద్ద కంపెనీలు కలిసిపోతున్నాయని వార్త రాగానే మనం అడిగే ప్రశ్నలు రెండే. షేరు ధర ఏమవుతుంది? మనం కొనే సరుకు ధర పెరుగుతుందా? ఆ కంపెనీలకు సరుకు అమ్ముకుని బతికేవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. ఈ ఎపిసోడ్ వాళ్ల గురించే. ఇందుకు నేను పొగాకును ఎంచుకున్నాను. అమెరికాలో 1890లో జరిగిన ఒక విలీనం నుంచి బయల్దేరితే, దారి తిన్నగా మన గుంటూరు దాకా వస్తుంది.

ముందు అమెరికా సంగతి చూద్దాం. 1880ల మొదట్లో జేమ్స్ బాన్సాక్ అనే కుర్రవాడు సిగరెట్లు చుట్టే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు చేత్తో చుట్టేవాళ్లు. ఈ యంత్రం రోజుకు లక్షకు పైగా సిగరెట్లు చుట్టగలిగేది. నార్త్ కరోలినాకు చెందిన జేమ్స్ బ్యూకనన్ డ్యూక్ దీన్ని అందరికంటే బాగా వాడుకున్నాడు. ధరలు తగ్గించాడు, ప్రకటనలకు విపరీతంగా ఖర్చుపెట్టాడు, పోటీదార్లకు ఊపిరాడనివ్వలేదు. చివరికి 1890లో అయిదు పెద్ద సిగరెట్ కంపెనీలు కలిసి అమెరికన్ టుబాకో కంపెనీ అయ్యాయి. ఆ దేశంలో తయారయ్యే సిగరెట్లలో సుమారు 90 శాతం ఈ అయిదింటివే. తర్వాత నమిలే పొగాకు, నస్యం, పైపు పొగాకు కంపెనీలను కూడా ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోయారు. జనం దీన్ని ‘ట్రస్టు’ అనేవాళ్లు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సిగరెట్ కాల్చేవాడికి ఈ విలీనం వల్ల వెంటనే పెద్ద నష్టమేమీ కనిపించలేదు. దెబ్బ పడింది ఆకు పండించే రైతు మీద. విలీనానికి ముందు ఒక ఊళ్లో నలుగురు కొనుగోలుదార్లు ఉంటే, ఒకడు తక్కువ చెప్పినా ఇంకొకడి దగ్గరికి వెళ్లొచ్చు. ఆ నలుగురి యజమానీ ఒక్కడే అయ్యాక, నాలుగు గుమ్మాలు తిరిగినా వినబడేది ఒకే ధర. నిన్నటిదాకా రైతును పేరుపెట్టి పలకరించిన ఏజెంటే ఇవాళా వస్తాడు. కానీ ధర అతని చేతిలో ఉండదు, పైనుంచి వచ్చిన కాగితం మీద ఉంటుంది. అర్థశాస్త్రంలో దీన్ని మోనోప్సొనీ అంటారు. అమ్మేవాడు ఒక్కడైతే మోనోపలీ, కొనేవాడు ఒక్కడైతే మోనోప్సొనీ. మొదటి మాట అందరికీ తెలుసు, రెండోది తెలిసినవాళ్లు తక్కువ.

కెంటకీ, టెనెసీ రాష్ట్రాల సరిహద్దులో బ్లాక్ ప్యాచ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి రైతులు ఆకును కట్టెల పొగలో ఆరబెడతారు, ఆకు నల్లగా తయారవుతుంది. అందుకే ఆ పేరు. 1900 తర్వాత అక్కడ ధరలు పెట్టుబడి కూడా రాని స్థితికి పడిపోయాయి. ట్రస్టు ఏజెంట్లు, విదేశాలకు కొనే ఏజెంట్లు ప్రాంతాలను పంచుకుని, ఒకరి హద్దులోకి ఒకరు రావడం లేదని రైతుల ఆరోపణ. 1904 సెప్టెంబరులో గుత్రీ అనే చిన్న ఊళ్లో వేలమంది కూడి సంఘం పెట్టుకున్నారు. ఆలోచన చాలా సూటిగా ఉంది: కొనేవాళ్లు కలిశారు గనక అమ్మేవాళ్లమూ కలుద్దాం, సరుకంతా ఒకేచోట పెట్టి మన ధరకే అమ్ముదాం.

చిక్కెక్కడొచ్చిందంటే, సంఘంలో చేరని రైతులకు కంపెనీ వాళ్లు ఎక్కువ ధర ఇవ్వడం మొదలుపెట్టారు. దాంతో సంఘంలోని కొందరు ముసుగులు వేసుకుని రాత్రిళ్లు గుర్రాల మీద బయల్దేరారు. వాళ్లకు నైట్ రైడర్స్ అని పేరు. చేరనివాళ్ల నారుమళ్లు పాడుచేశారు, కొట్టారు, గోదాములు తగలబెట్టారు. 1907 డిసెంబరులో హాప్కిన్స్‌విల్ పట్టణాన్నే కొన్ని గంటలు చేతుల్లోకి తీసుకున్నారు. ఆ హింస ట్రస్టు దగ్గర ఆగలేదు. నల్లజాతి కుటుంబాలను ఊళ్ల నుంచి తరిమేసే దాకా వెళ్లింది. రైతుల కష్టం నిజం, వాళ్లు ఎంచుకున్న దారి దారుణం. చరిత్రలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి చెప్పి ఇంకొకటి దాచకూడదు.

అదే కెంటకీలో బర్లీ రకం పండించే రైతులు 1908లో పంట వేయడమే దాదాపు మానేశారు. మన కోనసీమ రైతులు 2011లో ప్రకటించిన క్రాప్ హాలిడే లాంటిదన్నమాట. ట్రస్టు దిగొచ్చి, సంఘం దాచిపెట్టిన సరుకును మంచి ధరకు కొంది. 1911 మేలో అమెరికా సుప్రీంకోర్టు ట్రస్టును విడగొట్టాలని తీర్పిచ్చింది.

కథ సుఖాంతం అనుకుంటున్నారా? ఆగండి. విడిపోయిన ముక్కల్లోంచి వచ్చిన మూడు పెద్ద కంపెనీలు ఆకు కొనుగోలులో కుమ్మక్కయ్యాయని మళ్లీ కేసు నడిచింది. వేలం జరిగే చోటికి మూడింటి తరఫు మనుషులూ వస్తేనే కొనడం, ఒకరు రాకపోతే మిగతావాళ్లూ రాకపోవడం లాంటి పద్ధతులు బయటపడ్డాయి. 1946లో సుప్రీంకోర్టు ఆ శిక్షలను ఖరారు చేసింది. అంటే ఒకసారి కలిసి కొనడం రుచి చూసినవాళ్లు, విడగొట్టినా ఆ అలవాటు వదల్లేదు.

ఇక గుంటూరు ఎలా వచ్చిందో చెప్తాను. 1901లో డ్యూక్ బ్రిటన్ మార్కెట్ మీద పడ్డాడు. అతన్ని తట్టుకోవడానికి అక్కడి 13 కంపెనీలు కలిసి ఇంపీరియల్ టుబాకో అయ్యాయి. ఏడాది కొట్టుకుని 1902లో రాజీకొచ్చారు. అమెరికా నీది, బ్రిటన్ నాది, మిగతా ప్రపంచానికి ఉమ్మడిగా ఒక కంపెనీ. ఆ ఉమ్మడి కంపెనీయే బ్రిటిష్ అమెరికన్ టుబాకో. అంటే మన రైతు వర్జీనియా పొగాకు ముఖం చూడకముందే అతని కొనుగోలుదారు ఎవరో ఖాయమైపోయింది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టుబాకో కంపెనీ ఆఫ్ ఇండియా, అంటే ఇవాళ్టి ఐటీసీ, పుట్టింది. 1912లో ఆకు కోసం ఐఎల్‌టీడీ వచ్చింది. గుంటూరు, చీరాల పేర్లు పొగాకు పటంలోకి ఎక్కాయి.

ఈ కంపెనీ రైతులకు కొత్త పంట నేర్పింది, డబ్బు చూపించింది. అది కాదనలేం. కానీ వర్జీనియా ఆకు పండించాలంటే బ్యారన్ కట్టాలి, కట్టెలు కొనాలి. ఆ బ్యారన్ ఇంకో పంటకు పనికిరాదు. అంత పెట్టుబడి పెట్టాక రైతు వెనక్కి తిరగలేడు. కొనేవాడు మాత్రం ఈ ఏడాది వద్దనుకోగలడు. బేరం అక్కడే వంగిపోతుంది. గ్రేడు నిర్ణయించేదీ కొనేవాడే, డబ్బు ఎప్పుడిచ్చేదీ కొనేవాడే.

దీనికి మన దగ్గర దొరికిన జవాబు పొగాకు బోర్డు. 1975 చట్టంతో 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. వేలం 1984లో కర్ణాటకలో, 1985లో మన రాష్ట్రంలో మొదలైంది. బేలు అందరి ముందూ ఉంటుంది, ధర అందరికీ వినబడుతుంది. నా లెక్కలో ఇది చిన్న మార్పు కాదు. అయితే వేలం బలమంతా పాడేవాళ్ల సంఖ్యలో ఉంటుంది. ఇద్దరు ముగ్గురే పాడితే అది వేలంలా కనిపించే బేరం. ‘నో బిడ్’ అనిపించుకున్న బేళ్లను తిరిగి ఇంటికి మోసుకెళ్లిన రైతుకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దింపింది కూడా పాడేవాళ్లు ఒకరు పెరగాలనే.

ఇంతలో పైన విలీనాలు సాగుతూనే ఉన్నాయి. ప్రపంచమంతా ఆకు కొని కంపెనీలకు అమ్మే వ్యాపారుల్లో డిబ్రెల్, మాంక్ ఆస్టిన్ 1995లో కలిసి డైమాన్ అయ్యాయి. 2005లో డైమాన్, స్టాండర్డ్ కమర్షియల్ కలిసి అలయన్స్ వన్ అయ్యాయి. దాంతో ఈ వ్యాపారంలో స్వతంత్రంగా మిగిలిన పెద్ద పేర్లు రెండే: అలయన్స్ వన్, యూనివర్సల్. ఆ ఒప్పందాల మీద సంతకాలు పెట్టింది అమెరికాలో. ఎగుమతి మీద ఆధారపడ్డ ప్రకాశం జిల్లా రైతును ఎవరూ అడగలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు.

మన దేశంలో పెద్ద విలీనాలను కాంపిటీషన్ కమిషన్ పరిశీలించడం 2011 జూన్ నుంచి జరుగుతోంది. మంచిదే. అయితే అక్కడ చర్చ ఎక్కువగా కొనుక్కునే వినియోగదారుడి చుట్టూ తిరుగుతుంది. పాలు పోసేవాడు, చెరకు తోలేవాడు, రొయ్యలు అమ్మేవాడు, విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు యజమాని, వీళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే. మీరు సరుకు అమ్మే కంపెనీ ఇంకో కంపెనీతో కలుస్తోందని తెలిసిన రోజున, నేను వెళ్లగలిగిన రెండో గుమ్మం ఇంకా తెరిచి ఉందా అని లెక్క చూసుకోండి. లేదని తేలితే, మీలాంటి మిగతా అమ్మకందార్లతో కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఆ రోజే. ధర పడిపోయాక కూర్చుంటే ఏమవుతుందో బ్లాక్ ప్యాచ్ చూపించింది.

మీ ఊళ్లో కొనేవాళ్లు తగ్గిపోయిన సరుకు ఏదైనా ఉంటే రాసి పంపండి, తప్పకుండా చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.