కర్ర కోతకు ఏ రంపం మేలు?

ఒంగోలు: ప్రకాశం జిల్లా మొదలుకొని భద్రాచలం పరిసరాల వరకు జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటల కోతలో గొడ్డలి పక్కన పెట్రోలు రంపం చేరి చాలాకాలమైంది. రాజమహేంద్రవరం, సారపాక కాగితపు మిల్లులకు తరలే కర్ర కోసం ముఠా మేస్త్రీలు, తోటల యజమానులు సొంతంగా యంత్రాలు కొంటున్నారు. తోట కోత, దుంగలు ముక్కలు చేయడం, గాలివానకు కూలిన మానులను తొలగించడం... ఈ పనులన్నీ ఒకే యంత్రంతో సాగాలంటే ఏది ఎంచుకోవాలన్నదే వారికి ఎదురయ్యే ప్రశ్న. పెద్దది కొంటే అన్నిటికీ పనికివస్తుందన్న అభిప్రాయం సరికాదు. రోజంతా చేతబట్టి పనిచేయవలసిన యంత్రం కనుక శక్తి, బరువు, భద్రత మూడూ పొందికగా ఉండటమే ప్రధానం.

మూడు తరగతులు

పెట్రోలు రంపాలను స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. 30 నుంచి 45 సీసీ వరకు ఉన్నవి ఇంటి పెరటికి, కొమ్మల నరుకుడుకు, అప్పుడప్పుడు చేసే పనికి ఉద్దేశించినవి. 50 నుంచి 60 సీసీ వరకు గల వృత్తి యంత్రాలు రోజువారీ తోట కోతకు అనువైనవి. 70 సీసీ, ఆపైన ఉన్నవి పెద్ద మానులను కోయడానికి తయారైనవి.

అన్ని పనులకూ ఒకే యంత్రం కావాలనుకునేవారికి నడిమి తరగతే సరైనది. ఉదాహరణకు జర్మనీకి చెందిన స్టిల్ సంస్థ ఎంఎస్ 261 నమూనా, స్వీడన్‌కు చెందిన హస్క్‌వార్నా 550 ఎక్స్‌పీ నమూనా ఈ కోవకు చెందినవి. రెండూ 50 సీసీ స్థాయివే. శక్తి సుమారు 3 కిలోవాట్లు, అంటే నాలుగు హార్స్‌పవర్. బార్, చైన్ లేకుండా బరువు 5 కిలోల చుట్టూ ఉంటుంది. బార్, చైన్, పెట్రోలు, ఆయిల్ చేరితే మరో కిలోన్నర పెరుగుతుంది. 70 సీసీ యంత్రమైతే ఖాళీ బరువే 6 కిలోలు దాటుతుంది. సన్నని తోట కర్రకు ఆ శక్తి అవసరం లేదు. అదనపు బరువు మాత్రం సాయంత్రానికి నడుముపైన, భుజాలపైన పడుతుంది.

సీసీ ఒక్కటే కొలమానం కాదు

బజారులో 58 సీసీ అని ముద్రించిన చవక యంత్రాలు విరివిగా లభిస్తున్నాయి. వాటి శక్తి 50 సీసీ వృత్తి యంత్రం కన్నా తక్కువగా ఉండటం అరుదేమీ కాదు. అందుచేత పెట్టెపై సీసీ అంకెతో పాటు కిలోవాట్లు, బరువు కూడా చూడాలి. తక్కువ బరువుతో ఎక్కువ శక్తినిచ్చేదే మేలైన యంత్రం.

ఇంజను అడుగుభాగం దేనితో తయారైందో కూడా అడిగి తెలుసుకోవాలి. వృత్తి యంత్రాలలో అది మెగ్నీషియం లోహంతో ఉంటుంది. వేడిని, దెబ్బలను తట్టుకుంటుంది. ఇంటి వాడకపు యంత్రాలలో చాలావాటికి ప్లాస్టిక్ భాగాలే ఆధారం. వేసవి ఎండలో గంటల తరబడి నడిపితే ఈ తేడా బయటపడుతుంది. దుమ్ము ఎక్కువగా ఉండే తోటల్లో పనిముట్లు లేకుండా చేత్తోనే విప్పి శుభ్రం చేసుకోగల గాలి ఫిల్టరు, చైన్‌కు వెళ్ళే ఆయిల్‌ను హెచ్చించి తగ్గించే మర ఉన్న యంత్రాన్ని ఎంచుకోవాలి.

బార్ పొడవు ఎంత?

కోసే కర్ర వ్యాసం కన్నా బార్ కొద్దిగా పొడవు ఉంటే చాలు. తోట కర్ర సాధారణంగా అడుగు వ్యాసానికి లోపే ఉంటుంది కనుక 16 అంగుళాల బార్ సరిపోతుంది. వేప, చింత, నిద్రగన్నేరు మానులను కూడా కోయవలసి వచ్చేవారు 18 అంగుళాలది తీసుకోవచ్చు. రెండు వైపుల నుంచి కోసే నేర్పు ఉంటే 16 అంగుళాల బార్‌తోనే రెండడుగుల దుంగ తెగుతుంది. 50 సీసీ యంత్రానికి 22 అంగుళాల బార్ తగిలిస్తే చైన్ వేగం తగ్గి ఇంజను వేడెక్కుతుంది.

2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాను తాకిన తిత్లీ తుపాన్ల తరువాత రోడ్లపై అడ్డంగా పడిన చెట్లను తొలగించడానికి ఇటువంటి రంపాలే ఆదుకున్నాయి. కూలిన చెట్టులో వంగి బిగుసుకున్న కొమ్మ కోత పడగానే ఒక్కసారిగా ఎగిరి కొడుతుంది. తోట కోత నేర్చినవారు ఈ పనికి విడిగా మెళకువలు నేర్వవలసి ఉంటుంది.

చైన్, ఆకురాయి

చైన్, బార్, ఇంజను వద్ద తిరిగే పళ్ళచక్రం మూడింటి కొలతలు ఒకటే కావాలి. 50 సీసీ యంత్రాలకు ఎక్కువగా .325 అంగుళాల చైన్ వస్తుంది. దాని పదునుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి వాడాలి. పెద్ద యంత్రాలకు వచ్చే 3/8 అంగుళాల చైన్‌కు 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లది అవసరం. పొట్టు పొలుసులుగా పడుతున్నంతసేపు చైన్ పదునుగా ఉన్నట్లు. పిండిలా రాలితే మొద్దుబారినట్లు గ్రహించాలి. తీరప్రాంత సరుగుడు తోటల్లో చైన్ ఇసుకను తాకిన మరుక్షణమే పదును పోతుంది. అటువంటిచోట ఒక అదనపు చైన్ దగ్గర ఉంచుకోవడం శ్రేయస్కరం. వాడేసిన ఇంజన్ ఆయిల్‌ను చైన్‌కు పోసే అలవాటు మానుకోవాలి. అందులోని మడ్డి, లోహపు రజను పంపును, బార్‌ను త్వరగా అరగదీస్తాయి.

మోడు బాగుంటేనే పిలక

జామాయిల్ తోటలో మొదటి కోతతో ఆదాయం ఆగిపోదు. మోడు నుంచి వచ్చే పిలకలే తదుపరి పంట. నేలకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో, వాన నీరు నిలవకుండా కొద్దిగా ఏటవాలుగా, బెరడు చీలకుండా కోయాలి. పదునైన చైన్ గల తేలికపాటి యంత్రంతో నేలకు దగ్గరగా ఈ కోత సులభం. బరువైన యంత్రం, మొద్దు చైన్ కలిస్తే కోత ఎత్తు పెరుగుతుంది, బెరడు ఊడుతుంది. ఆ నష్టం తరువాతి దిగుబడిలో కనిపిస్తుంది.

ప్రాణరక్షణకు

బార్ కొన పైభాగం గట్టి వస్తువును తాకితే రంపం కన్నుమూసి తెరిచేలోగా మనిషి వైపు ఎగిరి తన్నుతుంది. ముందు పిడికి ఎదురుగా ఉండే చైన్ బ్రేకు అప్పుడు చైన్‌ను ఆపుతుంది. చైన్ బ్రేకు, తెగిన చైన్‌ను పట్టే కొక్కెం, వెనుక పిడిని అరచేతితో నొక్కితే తప్ప యాక్సిలరేటర్ పనిచేయనివ్వని మీట లేని యంత్రాన్ని ఎంత చవకైనా కొనరాదు. పిడి పైభాగాన ఉండే చిన్న రంపాలు చెట్టెక్కి కొమ్మలు కోసే శిక్షితులకు ఉద్దేశించినవి. నేలపై కోతకు అవి పనికిరావు.

అదురును కూడా లెక్కించాలి. ఏళ్ళ తరబడి అదురుకు గురైన వేళ్ళు తిమ్మిరెక్కి, తెల్లబడి, పట్టు కోల్పోతాయి. ఐరోపా నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల సగటు అదురు సెకను వర్గానికి 5 మీటర్లు మించరాదు. యంత్రం పుస్తకంలో ఈ అంకె ఉంటుంది. ధ్వని 100 డెసిబెళ్ళు దాటుతుంది కనుక చెవికప్పులు తప్పనిసరి. శిరస్త్రాణం, ముఖానికి జాలీ, కోతను అడ్డుకునే ప్యాంటు, బూట్లు... వీటి ఖర్చును యంత్రం ధరలో భాగంగానే లెక్కించుకోవాలి. చెట్టు పడేటప్పుడు ఇతర కూలీలు కనీసం రెండు చెట్ల ఎత్తు దూరంలో ఉండాలి.

ఇంధనం

లీటరు పెట్రోలుకు కంపెనీ టూ స్ట్రోక్ ఆయిల్ అయితే సాధారణంగా 20 మిల్లీలీటర్లు, ఇతర ఆయిల్ అయితే 40 మిల్లీలీటర్లు కలపాలి. తుది మాట యంత్రం పుస్తకానిదే. దేశంలో 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, రబ్బరు గొట్టాలను దెబ్బతీయగలదు. అందుచేత ఎంత శాతం వరకు యంత్రం తట్టుకుంటుందో కొనేముందే విచారించాలి. కలిపిన ఇంధనాన్ని నెలకు మించి నిల్వ చేయరాదు. పని ముగిసిన తరువాత ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను ఆగేవరకు నడిపి భద్రపరచాలి.

కొనేముందు

* అంకెలలో సీసీ, కిలోవాట్లు, బరువు, అదురు నాలుగూ పోల్చి చూడాలి.
* చైన్, బార్, ఫిల్టరు, స్టార్టర్ తాడు సమీప పట్టణంలో దొరుకుతాయో లేదో విచారించాలి. కోత మధ్యలో యంత్రం ఆగితే ముఠా అంతటికీ కూలి పోతుంది.
* దుకాణంలోనే యంత్రాన్ని నేలపై ఆనించి, పిడిలో కాలు ఉంచి, తాడు లాగి నడిపించి చూడాలి. చైన్ బ్రేకును పరీక్షించాలి.
* బిల్లు, వారంటీ కార్డు, యంత్రం సంఖ్య భద్రపరచుకోవాలి.
* వాల్టా చట్టం, 2002 ప్రకారం చెట్ల నరికివేతకు అనుమతి అవసరం. మినహాయింపు పొందిన జాతులేవో, రవాణాకు కావలసిన పత్రాలేవో కోతకు ముందే అటవీశాఖ అధికారుల వద్ద నిర్ధారించుకోవాలి.