ఉత్తరానికి కట్టిన మూట

ఉడుమలైపేట చుట్టుపక్కల మన ఇళ్ళలో తెలుగు చాలావరకు నోట్లోనే ఉంది, కాగితం మీద లేదు. 16వ శతాబ్దంలో మదురలో విశ్వనాథ నాయకుడి పాలన మొదలైన రోజుల్లోనూ, ఆ తరువాతా దక్షిణానికి వచ్చిన కంబళత్తు నాయకర్లు, కమ్మవారు, బలిజలు, మగ్గాన్ని నమ్ముకున్న దేవాంగులు ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే వచ్చారు. బడి మాత్రం తమిళం. అందుకే మీలో ఎందరో తెలుగు ధారాళంగా మాట్లాడతారు, తెలుగు అక్షరం చూస్తే తడుముకుంటారు. ఇలాంటి ఇంటికి చేతిఫోను ఈమెయిలు ఏం తెచ్చింది? ఈవేళ ఆ చరిత్ర చెప్పుకుందాం.

ఈమెయిలుకు మొదట్లో ఇంగ్లీషు అక్షరాలే తెలుసు. 1982లో ఖాయమైన నియమాల ప్రకారం 128 గుర్తులు మాత్రమే అందులో సాగేవి. ఫోటో, గొంతు, తెలుగు అక్షరం, వీటిలో దేనికీ నేరుగా చోటు లేదు. 1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు దీనికి ‘మైమ్’ అనే పద్ధతి రాశారు. దాన్ని చూపించడానికి ఆ ఏడాది మార్చి 11న బోరెన్‌స్టైన్ ఒక ఉత్తరం పంపారు. తనతో కలిసి పాడే నలుగురి బృందం ఫోటో, వాళ్ళు పాడిన పాట దానికి జతచేశారు. ఈ పద్ధతి పుట్టినప్పుడే గొంతును మోసిందన్నమాట! ఆ సంగతి మనకెందుకు ముఖ్యమో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

జతచేసే ఆ మూటనే అటాచ్‌మెంట్ అంటున్నాం. దాన్ని ఉన్నదున్నట్టు పంపరు. లోపలి సరుకును మామూలు అక్షరాలుగా మార్చి పంపుతారు, అవతల మళ్ళీ విప్పుతారు. మూడు బస్తాల ధాన్యం నాలుగు సంచుల్లోకి సర్దినట్టు, మూట మూడో వంతు పెరుగుతుంది. కంప్యూటరుకు ఇదొక లెక్క కాదు. చేతిఫోనుకు మాత్రం పెద్ద బరువు.

ఈమెయిలు పంపగల ఫోను 1994లోనే ఐబీఎం సైమన్ రూపంలో వచ్చింది. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందినది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. 1996లో వచ్చిన నోకియా 9000 కమ్యూనికేటర్ 397 గ్రాములు తూగేది. పుస్తకంలా తెరిస్తే లోపల తెర, మీటలు. దాని వేగం సెకనుకు 9600 బిట్లు. 2002లో కెమెరా ఉన్న నోకియా 7650 వచ్చింది. దానితో ఫోటో తీసి, అదే ఫోను నుంచి ఉత్తరానికి కట్టి పంపే వీలు ఉండేది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఉడుమలైపేట కుర్రవాడు ఒకడు ఉద్యోగానికి దూరదేశం వెళ్ళాడనుకోండి. ఇంటికి ఒక నిమిషం మాట్లాడి పంపాలి. ఆ ఫోన్లు గొంతును ‘ఏఎంఆర్’ అనే రూపంలో దాచేవి. మంచి నాణ్యతలో నిమిషం మాట సుమారు 90 కిలోబైట్లు, మూట కట్టాక 120. కమ్యూనికేటర్ నాటి వేగంతో అది వెళ్ళడానికి దాదాపు రెండు నిమిషాలు. అంటే మాట్లాడిన సమయం కన్నా పంపే సమయమే ఎక్కువ! మధ్యలో సిగ్నల్ తెగితే మళ్ళీ మొదటికి రావడమే. అంత తిప్పలెందుకు, ఫోను చేస్తే సరిపోదా అంటారేమో. ఫోను మాట గాలిలో కలిసిపోతుంది. మూటలో వచ్చిన మాటను పొలం నుంచి నాన్న వచ్చాక మళ్ళీ వినిపించవచ్చు.

మరి రాసి పంపకూడదా? అసలు చిక్కు అక్కడే. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికింది కాని, ఆనాటి ఫోన్లలో తెలుగు అక్షరాలు లేవు. వచ్చిన తెలుగు తెర మీద ఖాళీ డబ్బాలుగా కనిపించేది. పోనీ ఇంగ్లీషు అక్షరాల్లో రాద్దామంటే కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ ఒకేలా పడతాయి. ‘కళ్ళు నొప్పి’ అని అమ్మ రాయిస్తే కొడుకు కాళ్ళ మందు పంపే ప్రమాదం ఉంది. తమిళ లిపిలో రాస్తే గాలికీ కాలికీ తేడా లేదు. చదవడం రాని అవ్వకు ఇవేవీ అక్కరకు రావు. ఆమె మాట, ఆమె యాస, తమిళం కలిసిన ఆమె తెలుగు యథాతథంగా వెళ్ళాలంటే గొంతును మూటకట్టడం ఒక్కటే దారి. దేవరాట్టంలో మోగే దేవదుందుభి చప్పుడును ఏ లిపిలో రాస్తారు చెప్పండి?

అయితే ఈ మూటలు నిలవడం కష్టమైంది. 2004కు ముందు హాట్‌మెయిల్ ఉచిత ఖాతాలో చోటు 2 మెగాబైట్లే. నిమిషం మాటలు పదహారు చేరితే పెట్టె నిండిపోయేది. కొత్త ఉత్తరం రావాలంటే పాతదాన్ని చెరపాలి. అలా ఎవరెవరి గొంతులు చెరిగిపోయాయో! 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైటు ఇవ్వడంతో ఊపిరాడింది. 2013లో వాట్సాప్ ఒక్క నొక్కుతో గొంతు పంపే వీలు తెచ్చాక, అటాచ్‌మెంటు ఊసే చాలామంది మరిచారు.

ఇక్కడ మీతో ఒక మాట. 2023 డిసెంబరు నుంచి, రెండేళ్ళుగా తెరవని సొంత ఖాతాలను గూగుల్ తొలగించడం మొదలుపెట్టింది. మీ ఇంట్లో ఎవరిదైనా పాత మెయిలు ఖాతా ఉంటే ఈ వారమే తెరిచి చూడండి. పేరు చివర ‘ఏఎంఆర్’ అని ఉన్న ఫైలు కనబడితే పనికిరానిదని తీసేయకండి. వీఎల్‌సీ లాంటి ప్లేయరులో పెట్టి వినండి. అందులో మీ అవ్వ మాట్లాడుతూ ఉండవచ్చు.