కంది గట్టెక్కింది, మిరప?

నిన్న పచ్చగా ఉన్న మిరప చెట్టు ఇవాళ తల వాల్చేస్తుంది. మొదలు చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చార. కరీంనగర్, ఆదిలాబాద్ చేలల్లో దీన్ని ఎండు తెగులు అంటారు. ఆ ఒక్క మాట చాటున రెండు మూడు జబ్బులు దాక్కుంటాయి. ఫ్యుజేరియం శిలీంధ్రం వేరులోంచి దూరి, నీరు పైకెక్కే దారులను మూసేస్తుంది. ఫైటోఫ్తోరా నీరు నిలిచిన చోట మొదలును కుళ్లబెడుతుంది. బాక్టీరియా వల్ల ఎండినా చెట్టు చూడ్డానికి అలాగే ఉంటుంది. కోసిన కాండాన్ని గ్లాసెడు నీళ్లలో ముంచితే పాలధారలాంటిది దిగుతుంది. అది బాక్టీరియా గుర్తు.

ఈ చేలల నల్లరేగడిలో పత్తి సాళ్ల నడుమ పెరిగే కందికీ ఫ్యుజేరియమే శత్రువు. కందికి సోకే ఆ ఫ్యుజేరియం జాతిని శాస్త్రవేత్త బట్లర్ 1910లోనే వర్ణించి పేరు పెట్టాడు. తెగులు నిండిన మడిలో విత్తి, బతికిన మొక్కలనే ఏరుతూ పోవడం కంది శాస్త్రవేత్తల పద్ధతి. మొండి పద్ధతే, కానీ ఫలించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ నుంచి ఎండు తెగులును తట్టుకునే కంది రకాలు 1986లో ‘మారుతి’, తర్వాత ‘ఆశ’ వచ్చాయి.

మిరపకూ ఇలాంటి ప్రయత్నం జరిగింది, కాకపోతే దూరదేశంలో. అమెరికాలోని న్యూమెక్సికోలో శాస్త్రవేత్త ఫేబియన్ గార్సియా ఏళ్ల తరబడి ఏరి, 1921లో ‘నంబర్ 9’ రకం ఇచ్చాడు. మరుసటేడే లియోనియన్ అనే శాస్త్రవేత్త అక్కడి మిరప మీద ఫైటోఫ్తోరాను వర్ణించాడు. దాన్ని గట్టిగా తట్టుకునేది మెక్సికో నాటు మిరప సీఎం 334. అయితే దాని కాయ చిన్నది, ఆ నిబ్బరం పలు జన్యువుల్లో చెదిరి ఉంది. మన మార్కెట్ రకంలోకి దాన్ని తేవడం తేలిక కాదు. పైగా ఫైటోఫ్తోరాను తట్టుకున్నంత మాత్రాన ఫ్యుజేరియాన్ని తట్టుకోవాలనేం లేదు.

మన దగ్గర గుంటూరు లాం ఫారం నుంచి ‘భాగ్యలక్ష్మి’, ‘సింధూర్’, ఎల్‌సీఏ 334 లాంటివి వచ్చాయి. రైతు నోట అవి నిలిచింది దిగుబడితో, రంగుతో, ఘాటుతో. మిర్చి యార్డులో ధర కట్టేదీ వాటికే. వేరు ఎంత గట్టిదని ఎవరూ అడగరు. ఇటు కరీంనగర్ చేలకు శ్రీరాంసాగర్ కాలువ నీళ్లొచ్చాక తడి పెరిగింది, తడితోపాటు తెగులుకూ అనువు దొరికింది. 2021 నుంచి కొత్త తామర పురుగు పూతను తినేస్తుంటే అందరి చూపూ అటే మళ్లింది.

అందుకే ఇప్పటికీ విత్తనశుద్ధి, నీరు నిలవని ఎత్తు బోదెలు, ఎండిన చేలో మళ్లీ మిరప పెట్టకపోవడమే దిక్కు. తెగులు శిలీంధ్రాలను అణచే ట్రైకోడెర్మా అనే మేలు శిలీంధ్రాన్ని పశువుల ఎరువులో కలిపి, నీళ్లు చిలకరించి, పాలిథీన్ పట్టా కప్పుతారు. పదిహేను రోజులకు బూజు కమ్మాక ఎకరం సాళ్లలో వేస్తారు.