కొండెక్కినవారు, ఎక్కించినవారు: శేషాచల ఆరోహణ చరిత్ర - ఒక పరిశీలన

తెలుగులో 'కొండెక్కు' అనే క్రియకు విచిత్రమైన అర్థవ్యాప్తి ఉంది. దీపం ఆరిపోయిందనడం అశుభమని కొండెక్కిందంటారు. సరుకు అందుబాటులో లేకుండా పోతే ధర కొండెక్కిందంటారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో 'కొండకు పోతున్నాం' అంటే ఏ కొండకని ఎదుటివారు అడగరు. కొండెక్కడం నిత్యజీవితంలో ఇంతగా కలిసిపోయిన ప్రాంతం పర్వతారోహణ చరిత్రలో మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ చరిత్రను సాధారణంగా 1786లో ఆల్ప్స్‌లోని మోబ్లాఁ శిఖరాన్ని బాల్మా, పక్కార్ అనే ఇద్దరు ఎక్కిన రోజుతో మొదలుపెట్టి, 1857లో లండన్‌లో ఏర్పడిన ఆల్పైన్ క్లబ్బు, 1865 నాటి మాటర్‌హార్న్ ఆరోహణ, 1953 నాటి ఎవరెస్టు విజయం మీదుగా నడిపిస్తారు. ప్రతి శిఖరానికీ ఒక 'మొదటివాడు' ఉంటాడు. చరిత్ర అంటే ఆ మొదటివారి జాబితా.

శిఖరం మీద ఒంటరిగా నిలిచిన ఆ మొదటి మనిషిని ఐరోపా ఆధునికత తన ప్రతీకగా ఎలా మలచుకుందో పీటర్ హాన్సెన్ 2013లో వెలువరించిన 'ది సమ్మిట్స్ ఆఫ్ మోడర్న్ మ్యాన్'లో విశ్లేషించాడు. ఆ విమర్శను శేషాచలానికి అన్వయిస్తే రెండు విషయాలు తేలుతాయి. ఇక్కడి ఆరోహణకు 'మొదటివాడు' అనే భావన బయటి నుంచి వచ్చింది. ఆ భావన రాకముందూ, వచ్చిన తరువాతా కూడా, కొండ మీదికి ఇతరులను మోసుకెళ్ళినవారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు. మనవాళ్ళు ఐరోపావారికంటే ముందే పర్వతారోహకులని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం కాదు. అలాంటి వాదన కూడా చివరికి మొదటివాడి కోసం సాగే వెదుకులాటే.

శిఖరం లేని ఆరోహణ

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, చంద్రగిరి వైపున్న శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఏకధాటిగా ఎక్కుడు. ఆ తరువాత చాలా దూరం దాదాపు సమతలం. అవ్వాచారి కోన దాటాక మోకాళ్ళ పర్వతం వద్ద మళ్ళీ నిటారు మెట్లు. ఇంత ఎక్కినా చేరేది శిఖరాన్ని కాదు. గుడి చుట్టూ కొండలున్న పల్లంలో ఉంది. దానికి పైన నారాయణగిరి ఉన్నా, యాత్రికుడి దృష్టిలో అది గమ్యం కాదు. ఎత్తయిన చోటు వేరు, చేరవలసిన చోటు వేరు. ఆల్పైన్ సంప్రదాయానికి ఈ విభజన కొరుకుడుపడదు.

ఈ దారిలో దేహం పడే శ్రమకు తెలుగులో ఉన్న తొలి కథనాల్లో ముఖ్యమైనది తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్ర. గడ్డి కోయబోయి వేలు కోసుకున్న బాలుడు ఇల్లు విడిచి, యాత్రికుల వెంట తిరుపతి చేరి, గ్రామదేవత గంగమ్మకు మొక్కి, అలిపిరి దాటి ఎక్కుతాడు. మోకాళ్ళ పర్వతం వద్దకు వచ్చేసరికి ఆకలితో సొమ్మసిల్లి, చెప్పులు విప్పకుండానే పడుకుంటాడు. ముసలి ముత్తైదువ రూపంలో వచ్చిన అలమేలుమంగ కొండ అంతా సాలగ్రామమని చెప్పి, చెప్పులు విప్పించి, ప్రసాదం పెడుతుంది. భక్తికథగా దీన్ని అందరూ చదివారు. ఆరోహణ కథనంగా చదివితే కనిపించేది వేరు. తిండి లేక ఎక్కినవాడికి ఎక్కడ శక్తి ఉడుగుతుందో చిన్నన్నకు కచ్చితంగా తెలుసు. నేటి యాత్రికుడు కూలబడేది కూడా అక్కడే. మహిమ జరిగే చోటును కవి దేహం ఓడిపోయే చోటనే నిలిపాడు.

రామానుజులు ఆ పర్వతాన్ని మోకాళ్ళతో ఎక్కారని ఐతిహ్యం. పాదం మోపడమే అపచారమని భావించిన ఆళ్వారులు కొండ ఎక్కకుండా కిందనుంచే సేవించారని మరో ఐతిహ్యం. ఎక్కకపోవడం కూడా కొండతో ఒక సంబంధమే. పర్వతారోహణ ప్రపంచానికి ఇది మరీ తెలియనిదేమీ కాదు. 1955 మే 25న కాంచనజంగను ఎక్కిన జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ సిక్కిం పాలకుడికి ఇచ్చిన మాటకు కట్టుబడి శిఖరానికి కొన్ని అడుగుల దిగువన ఆగారు. అక్కడ ఆగడం గొప్ప మర్యాదగా కీర్తి పొందింది. ఇక్కడ అది వార్త కూడా కాదు.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టిన వెంగమాంబ (1730-1817) బాల్యంలోనే భర్తను కోల్పోయి, లోకనిందను లెక్కచేయక తిరుమల చేరింది. అక్కడా ఇబ్బందులు ఎదురై, కొన్నేళ్ళు తుంబురు కోనలో తపస్సు చేసిందని ఆమె చరిత్రకారులు చెబుతారు. తుంబురు కోన అంటే గుడికి ఉత్తరాన దట్టమైన అడవిలో, నిలువెత్తు క్వార్ట్జైట్ గోడల మధ్య చీలిన లోయ. ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి తాళ్ళు పట్టుకుని, బండలు దిగి, మడుగులు దాటి వెళ్ళే యాత్రికులకు నేటికీ అది సులభమైన దారి కాదు. 18వ శతాబ్దిలో ఒక వితంతువు అక్కడ ఒంటరిగా నివసించడాన్ని సాహిత్య చరిత్ర భక్తి కిందా, స్త్రీవాద విమర్శ ధిక్కారం కిందా లెక్కించాయి. రెండూ సరైనవే. సాహసం అనే మాట మాత్రం ఎవరూ వాడలేదు.

1870: ఎవరికి మొదటిది?

ఐరోపావారి కంటికి ఈ కొండలు మొదట కింది నుంచి, దూరం నుంచి కనిపించాయి. నగరి కొండల్లో ముక్కులా పొడుచుకువచ్చిన శిఖరాన్ని కోరమాండల్ తీరపు నావికులు గుర్తుగా పెట్టుకుని 'నగరి నోస్' అన్నారు. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధారరేఖ కొలత మొదలుపెట్టిన విలియం ల్యాంబ్టన్ బృందానికి కొండలు త్రిభుజాల శీర్షాలు. పైకెక్కి జెండా పాతి, మరో కొండ మీది జెండాను చూడగలిగితే కొండ పని పూర్తయినట్టే. తరువాతి తరంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ మదనపల్లె దగ్గర వేసవి విడిది కట్టుకోవడంతో, ఏనుగులు పెంచిన పిల్లగా స్థానికులు చెప్పుకునే మల్లమ్మ పేరిట ఉన్న ఏనుగు మల్లమ్మ కొండ హార్స్‌లీ హిల్స్ అయింది. ఎక్కినవాడి పేరు కొండకు రావడానికి వందల ఏళ్ళుగా అక్కడ బతికినవారి పేరు చెరగాలన్న నియమం ఏమీ లేదు. కానీ జరిగింది అదే.

తిరుమల మాత్రం చాలాకాలం ఈ వరుసలోకి రాలేదు. 1801లో ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, 1803లో కలెక్టర్ స్ట్రాటన్ ఆలయ వ్యవహారాలపై సమగ్ర నివేదిక పంపాడు. 1821లో బ్రూస్ కోడ్ ఆలయ నిర్వహణకు నిబంధనలు కూర్చింది. 1843లో కంపెనీ తప్పుకుని నిర్వహణను హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. ఈ నాలుగు దశాబ్దాలూ ఆదాయాన్ని అణాపైసలతో లెక్కించిన దొరలు కొండ మాత్రం ఎక్కలేదు. 1870 వరకు ఐరోపావారెవరూ పైకి వెళ్ళలేదనీ, ఆ ఏడు ఒక పోలీసు అధికారి నేరస్థుణ్ణి వెదుకుతూ వెళ్ళాడనీ 19వ శతాబ్ది చివరినాటి ఉత్తర ఆర్కాటు జిల్లా గ్రంథాలు చెబుతాయి.

మాటర్‌హార్న్ లొంగిన ఐదేళ్ళకు ఈ 'తొలి ఆరోహణ' జరిగింది. ఇక్కడ కొండ కష్టం కాదు. మెట్లున్నాయి. మట్ల అనంతరాజు వంటి దాతలు సోపానాలు, గోపురం కట్టించి అప్పటికే రెండు శతాబ్దాలు దాటింది. ఏటా వేలమంది ఎక్కుతున్నారు. అధికారికి అడ్డుగా నిలిచినది బండ కాదు, కట్టుబాటు. దాన్ని దాటడానికి ప్రభుత్వానికి శాంతిభద్రతల సాకు కావలసివచ్చింది. జిల్లా గ్రంథాలు దీన్ని నమోదు చేసిన తీరులోనే, వేల ఏళ్ళ రాకపోకల నడుమ ఒక్క తేదీ ఘటనగా నిలబడింది. ప్రథమారోహణ అంటే రాసేవాడి వర్గానికి చెందినవాడు తొలిసారి ఎక్కడమని 1870 ఉదంతం సూచిస్తుంది. హిమాలయ కనుమల విషయంలో కూడా స్థానిక వర్తకులు, గొర్రెల కాపరులు తిరిగిన దారులను ఐరోపావారు 'కనుగొన్న' తీరు ఇదే.

మోసినవారు

మెట్లు కట్టించినవాడి పేరు నిలిచింది. ఎక్కిన రాజు పేరు నిలిచింది. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలుకొని ఏడుసార్లు తిరుమల వచ్చాడని శాసనాల ఆధారంగా లెక్కగట్టారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, తొలి మజిలీల్లోనే తిరుపతి చూసి, దారి వివరాలను శ్రద్ధగా రాసుకున్నాడు. ఆయన ప్రయాణమంతా పల్లకీ బోయీల భుజాల మీద సాగింది. బోయీలు ఆ గ్రంథంలో కనిపిస్తారు, వారి కూలి కూడా కనిపిస్తుంది. కానీ అందులో వారు మనుషులుగా కాక మందిగా కనిపిస్తారు.

కనుమ దారి పడక ముందు నడవలేనివారు, ధనికులు, వృద్ధులు తిరుమలకు డోలీలో వెళ్ళేవారు. మోకాళ్ళ పర్వతం మీద డోలీ మోయడమంటే ముందువాడు భుజం దించి, వెనుకవాడు కర్రను తలకంటే పైకెత్తి, కూర్చున్నవారు జారకుండా మెట్టు మెట్టుకూ లయ కుదుర్చుకోవడం. భక్తుడు జీవితంలో ఒకటి రెండుసార్లు ఎక్కిన దారిని వారు బతుకంతా ఎక్కారు. ఆరోహణల సంఖ్యే ప్రమాణమైతే శేషాచలపు గొప్ప ఆరోహకులు వారే.

హిమాలయ చరిత్రలోనూ ఇదే లోపం ఉంది, అక్కడ కొంత సవరణ జరిగింది. 1922 జూన్ 7న ఎవరెస్టు దిగువన హిమపాతంలో ఏడుగురు కూలీలు చనిపోయారు. ఆ యాత్ర గురించి మాట్లాడినప్పుడల్లా మ్యాలరీ పేరే ముందు వస్తుంది. 1953లో టెన్జింగ్ నార్గే శిఖరం మీద నిలిచిన తరువాతనే మోసేవాడు ఆరోహకుడు కూడా అని ప్రపంచం ఒప్పుకోవలసివచ్చింది. తిరుమల డోలీవాళ్ళకు టెన్జింగ్ రాలేదు. 1944 ఏప్రిల్‌లో తొలి కనుమ దారి ప్రారంభమయ్యాక వారి వృత్తే అవసరం తీరిపోయింది.

కనుమ దారి తరువాత

దారి పడటంతో నడక అర్థం మారింది. అంతకుముందు నడక అనివార్యం. 1944 తరువాత, మరీ ముఖ్యంగా 1974లో రెండో కనుమ దారి వచ్చాక, నడక మొక్కుగా మారింది. బస్సు ఉండగా నడవడంలో సంకల్పం ఉంది. రైలుమార్గాలు ఆల్ప్స్‌ను సులభం చేశాక కష్టమైన దారులను కోరి వెదికిన ఆరోహకుల మనస్తత్వానికి ఇది దూరం కాదు. రామకృష్ణ తీర్థం, కుమారధార, తుంబురు ముక్కోటి యాత్రలకు ఇప్పుడు భక్తులతో పాటు వీపు సంచులతో వచ్చే యువకులూ ఉంటారు. ఎవరు దేనికి వచ్చారో వేరు చేయడం వారికే కష్టం.

తెలుగువారి ఆధునిక పర్వతారోహణకు కూడా పాఠశాలలే పురుడు పోశాయి గాని, క్లబ్బులు కాదు. కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థి ఉదయ భాస్కరరావు 1985 ఎవరెస్టు యాత్రలో మరణించాడు. అదే బడిలో చదివిన నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం వాసి మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలను ఎక్కాడు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మలావత్ పూర్ణ, ఆనంద్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు చేరారు. వ్యవసాయ కూలీల బిడ్డ పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. అంతకు ఐదు వారాల ముందు, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు హిమపాతంలో 16 మంది నేపాలీ సహాయకులు చనిపోయారు. మోసే కులాల పిల్లలు ఆరోహకులైన ఏడాదే, మోసేవారి మరణాల లెక్కలో కూడా అప్పటికి అతి ఘోరమైనది.

2015 మార్చి చివర మస్తాన్‌బాబు ఆండీస్‌లో కనిపించకుండా పోయాడు. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన మృతదేహం దొరికింది, ఆ నెలలోనే ప్రభుత్వ లాంఛనాలతో స్వగ్రామంలో అంత్యక్రియలు జరిగాయి. అదే ఏప్రిల్ 7న తిరుపతి దగ్గర శేషాచలం అడవిలో, ఎర్రచందనం దుంగలు మోయడానికి కూలికి వచ్చారన్న 20 మంది తమిళనాడు వాసులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ దానిపై విచారణ చేపట్టింది. వారిలో చాలామంది జవ్వాది కొండల ప్రాంతాల నుంచి వచ్చినవారు, కొండెక్కడం వచ్చు కాబట్టే పనికి ఎంపికైనవారు. నెల్లూరు మస్తాన్‌బాబు వార్త, చంద్రగిరి అడవి వార్త కొద్ది రోజుల తేడాతో ఒకే పత్రికల్లో వచ్చాయి. ఒకదాన్ని సాహసం కింద, రెండోదాన్ని నేరం కింద ప్రచురించారు.