దెయ్యం సినిమా ఎవరి కోసం?

సినిమా వ్యాపారం లెక్కలో వరంగల్ నైజాం ఏరియాలో ఒక సెంటర్. దెయ్యం సినిమా ఎవరు చూస్తారని అడిగితే అలవాటుగా వచ్చే జవాబు ఒకటే: కుర్రాళ్ళు, సెకండ్ షో. వయసు, టికెట్ రేటు, షో టైము, వీటితోనే జనాన్ని విడగొడతారు. నాకు మాత్రం హాల్లో అసలు గీత ఇంకోచోట కనిపిస్తుంది. తెర మీది చేతబడిని కథ అనుకునేవాళ్ళు, నిజమే అనుకునేవాళ్ళు. వరంగల్లో ఈ ఇద్దరూ పక్కపక్క సీట్లలోనే ఉంటారు. ఎన్ఐటీ, కాకతీయ మెడికల్ కాలేజీ పిల్లలు, నర్సంపేట, పరకాల, ములుగు బస్సులు దిగి వచ్చినవాళ్ళు. (చదువుకున్నవాళ్ళు నమ్మరని కాదు. హాస్టళ్ళలో తాయెత్తులు నేనూ చూశాను.)

ఈ ఇద్దర్నీ ఒకేసారి పట్టుకోవడం ఎలాగో చూపించింది సినిమా కాదు, వీక్లీ సీరియల్. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చింది. ఒక చిన్నపిల్ల మీద చేతబడి. ఒక పక్క మంత్రగాళ్ళు, ఇంకో పక్క డాక్టర్లు, హిప్నాటిజం. యండమూరి ఈ రెండు దారుల్నీ పక్కపక్కనే నడిపించాడు. ఎవరికి కావలసింది వాళ్ళు నమ్ముకోవచ్చు. టార్గెట్ ఆడియన్స్ అనే మాట తెలుగులో వినపడక ముందే ఇంత పకడ్బందీగా ఆ పని చేసినవాళ్ళు నాకు కనపడలేదు. ఈ నవల మూఢనమ్మకాలను పెంచుతోందని రంగనాయకమ్మ గారు ఏకంగా ఒక పుస్తకమే రాశారు. రచయితకి తన పాఠకులెవరో బాగా తెలుసు. ఆవిడ కోపం కూడా ఆ పాఠకుల గురించే అనుకుంటాను.

తర్వాత రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) పట్నం వాళ్ళ భయాన్ని ఎంచుకుంది. ఖాళీ ఇల్లు, కదిలే కెమెరా, రేవతి ముఖం. చివరికి అక్కడా మంత్రాలు తెలిసినాయన రాక తప్పలేదు. 2009 సంక్రాంతికి ‘అరుంధతి’ ఆడవాళ్ళనీ, ఇంటిల్లిపాదినీ హాలుకి రప్పించింది. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) నుంచి కొన్నేళ్ళు దెయ్యమంటే కామెడీయే. నవ్వేవాళ్ళకి నమ్మకంతో పని లేదు కదా.

2023లో ‘విరూపాక్ష’తో చేతబడి మళ్ళీ సీరియస్‌గా తిరిగొచ్చింది. సెన్సార్ వాళ్ళు ‘ఏ’ సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే అక్కడా చూసింది వయసే. సినిమా మొదట్లో క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరంతా కలిసి ఒక జంటని చెట్టుకి కట్టి తగలబెడుతుంది. చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది, ఊరి మీద అసహ్యం పుడుతుంది. కానీ కథ ముందుకెళ్ళాక ఆ పూజలు నిజమేనని తేలుతుంది. కథకి అది మంచి మలుపు. హన్మకొండలో నేను చూసిన షోలో, ఆ సంగతి తేలగానే వెనక వరసలోంచి ఒకాయన పక్కాయనతో అన్నాడు, ‘చూసినవా, ఉత్తగనే కాల్చలే.’

అంతకు ముందు సంవత్సరం జనవరిలోనే జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ చంపేశారు. ఆ సినిమా అప్పటికి రానేలేదు, దాని మీద నెపం పెట్టడానికి లేదు. కానీ ఆ కథ విన్నవాళ్ళలో, రాసినవాళ్ళలో, డిస్ట్రిబ్యూటర్లలో ఎవరైనా ఆ వెనక వరస ఆయన్ని లెక్కలోకి తీసుకున్నారా అని నాకు అనుమానం. 2023 నవంబర్లో ‘మా ఊరి పొలిమేర 2’ వచ్చింది. మొదటి భాగం ఓటీటీలో, ఇది థియేటర్లలో. ఇందులోనూ చేతబడే.