తక్కువ రొద ఫోటోడిటెక్టర్

అతి మసక వెలుతురును కొలిచే ఫోటోడిటెక్టర్‌లో సంకేతంతో పాటు రొద, అంటే నాయిస్, కూడా పుడుతుంది. వెలుగు లేకున్నా వేడికే ఎలక్ట్రాన్లు కదిలి చీకటి కరెంటు పారుతుంది. అందుకే పెద్ద టెలిస్కోపుల సీసీడీలను సున్నా సెల్సియస్‌కు దాదాపు 100 డిగ్రీల దిగువకు చల్లబరుస్తారు.

ఫోటోడయోడ్ సర్క్యూట్‌లో అసలు నేర్పు, కరెంటును వోల్టేజీగా మార్చే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఎంపికలో ఉంది. దాని విలువ నాలుగు రెట్లు పెంచితే సంకేతం నాలుగు రెట్లవుతుంది, ఉష్ణ రొద మాత్రం రెండు రెట్లే పెరుగుతుంది. 1920లలో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ సూత్రీకరించిన అందమైన ఫలితమిది. అయితే రెసిస్టర్ పెరిగితే వేగం పడిపోతుంది. కెపాసిటెన్స్ తక్కువగల చిన్న డయోడ్ ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది.

ఫోటాన్లు విడివిడిగా వచ్చిపడటంతో పుట్టే షాట్ రొద సంగతి వేరు. సగటున 10,000 ఫోటాన్లు లెక్కించే చోట సుమారు 100 మేర హెచ్చుతగ్గులు మామూలు కాంతి స్వభావంలోనే ఉన్నాయి.