రాతి అక్షరము, రేపటి పుస్తకము



మా చీమకుర్తి నల్లరాయిని మీరెరుగుదురు. నల్లని రాతిలో బంగారు చుక్కలవలె మెరపుగల ఆ రాయి ఓడలమీద దేశదేశములకు పోవుచున్నది. దానిమీద చెక్కిన పేరును చదువుటకు చూపును చదువును ఉన్న చాలును. మరి ఏ యంత్రమును అక్కరలేదు. యోబు భక్తుడు సైతము తన మాటలు గ్రంథములో వ్రాయబడవలెననియు, బండమీద చెక్కబడవలెననియు కోరుకొనెను. నేడు మనము మన మాటలను కంప్యూటరులో వ్రాయుచున్నాము. ఆ వ్రాత ఎంతకాలము నిలుచును?

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట మా సంఘ చరిత్రను చిన్న పుస్తకముగా వేయించితిమి. మొదట బాప్తిస్మము పొందిన కుటుంబముల పేర్లు, గుడి గోడలకు మట్టి మోసిన తల్లుల పేర్లు అందులో ఉండెను. డీటీపీ చేసినవారు దానిని ఒక సీడీలో పెట్టి ఇచ్చిరి. మేము దానిని బీరువాలో దాచి నిశ్చింతగా నుంటిమి. ఇటీవల తిరిగి వేయింపవలెనని తెరచి చూడగా తెలుగు అక్షరమొక్కటియు కనబడలేదు. ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కలగాపులగముగా ఉండెను. వ్రాసిన ఫాంటు ఏదో తెలిసినచో కొన్నిటిని మార్చుకొను సాధనములు కలవు గాని, ఆ దుకాణము ఏనాడో మూతబడెను. ఆ సంగతులు చెప్పిన పెద్దలు ప్రభువునందు నిద్రించిరి. మరల ఎవరిని అడుగుదుము?

ఇట్టి కష్టము తెలుగు పుస్తకమునకు క్రొత్తది కాదు. జర్మనీనుండి వచ్చిన మిషనెరీ బెంజమిన్ షుల్జ్‌గారు 1727లో క్రొత్త నిబంధనను, 1732లో పాత నిబంధనను తెనిగించి ముగించిరి. అయితే ఆనాడు మన దేశములో తెలుగు అచ్చు అక్షరములే లేవు. ఆయన స్వదేశమునకు మరలిన పిమ్మట 1746, 1747 సంవత్సరములలో హాలే పట్టణమున కొన్ని చిన్న తెలుగు పుస్తకములు అచ్చయ్యెను గాని, ఆ బైబిలు మాత్రము వ్రాతప్రతిగానే మిగిలిపోయెను.

తరువాత 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ అను ఇద్దరు మిషనెరీలు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు అను తెలుగు క్రైస్తవుడు వారికి తోడ్పడెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో కలకత్తా దగ్గరి శ్రీరాంపూరులో అచ్చుపడెను. క్రాన్‌గారు 1809లోను, డి గ్రాంజెస్‌గారు 1810లోను మరణించిరి. తాము పాటుపడిన పుస్తకమును వారిద్దరును కన్నులార చూడలేదు. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చుగా వెలువడెను. షుల్జ్‌గారు కలము దించిన నాటినుండి లెక్కించిన 91 సంవత్సరములు!

ఆ శ్రీరాంపూరు ముద్రాలయమే 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము అగ్నికి ఆహుతియయ్యెను. విలియం కేరీగారు ఏండ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి బూడిదయ్యెను. దానికి రెండవ ప్రతి లేదు. అయితే అక్షరములను పోతపోయు మూసలు బూడిదలో చెడక దొరికెను. కరగిన సీసమునే తీసి మరల అక్షరములు పోసిరి. మూస నిలిచినచో అక్షరము మరల పుట్టునని దీనివలన తెలిసికొందుము.

ప్రియ చదువరీ, మా సీడీకి కలిగిన లోపము ఇదే. కంప్యూటరు మొదట ఇంగ్లీషు అక్షరములకొరకు ఏర్పడినది. మనవారు ఆ ఇంగ్లీషు అక్షరముల గదులలోనే తెలుగు బొమ్మలను అమర్చిరి. ఒక్కొక్క ఫాంటువారు ఒక్కొక్క విధముగా అమర్చుకొనిరి. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనబడును. అది పోయిన దినమున బొమ్మ పోయి, గదికి మొదట నున్న ఇంగ్లీషు పేరే మిగులును. అందరికిని చెల్లు మూస లేకపోయెను.

1991లో వెలువడిన యూనికోడ్ అను ఏర్పాటు ఈ కొరతను తీర్చినది. అది ఫాంటు కాదు. ఏ అక్షరమునకు ఏ సంఖ్యయో లోకమంతయు ఒప్పుకొనిన ఒడంబడిక. తెలుగునకు అందులో 128 స్థానములు కలవు. మీరు ‘యేసు’ అని వ్రాసినయెడల కంప్యూటరు 3119, 3143, 3128, 3137 అను నాలుగు సంఖ్యలను దాచుకొనును. అవి యకారము, ఏత్వము, సకారము, కొమ్ము. అక్షరపు సొగసు ఫాంటునుబట్టి మారును గాని, ఆ సంఖ్యలు చీమకుర్తిలోను అమెరికాలోను ఒక్కటే. అయినను పాత ఫాంటులు మన అచ్చు పనులలో ఇంకను కొన్నిచోట్ల సాగుచున్నవి.

మా పుస్తకము సంగతి ఏమాయెను? ఒక వృద్ధురాలి ట్రంకుపెట్టెలో అచ్చుప్రతి ఒకటి దొరికెను. అంచులు చెదలు తినెను గాని పేర్లు మిగిలెను. మా యౌవనస్థులు సాయంకాలములందు కూర్చుండి దానినంతయు యూనికోడ్‌లో తిరిగి వ్రాసిరి. అమ్మగారికి చూపు తగ్గినందున ఫోనులో అక్షరములను పెద్దవి చేసి చూపగా, తన తల్లి పేరును తానే కూడబలుకుకొని చదివి, కొంగుతో కన్నులు తుడుచుకొనెను. కాగితము పేరును కాపాడెను. ఫోను దానిని ఆమె కన్నులకు తెచ్చెను.

కాబట్టి కాగితపు పుస్తకము పోవునని దుఃఖింపకుడి. క్రొత్తది వచ్చెనని పాతదానిని పారవేయకుడి. మీ సంఘ చరిత్రగాని, పాటల పుస్తకముగాని వేయించునప్పుడు యూనికోడ్ ప్రతిని అడిగి తీసికొనుడి. దానిని ఒక్క ఫోనులోనే ఉంచక, వేరువేరు చోట్ల మూడు ప్రతులు దాచుడి. కొన్ని ప్రతులైనను కాగితముమీద అచ్చు వేయించుడి. యెహోయాకీము రాజు గ్రంథపుచుట్టను కాల్చినప్పుడు బారూకు మరల వ్రాసెను. ఏలయనగా చెప్పుటకు యిర్మీయా ఇంకను బ్రదికియుండెను. మన పెద్దలు బ్రదికియుండగానే వారియొద్ద కూర్చుండి, వారి మాటలను వ్రాసికొందము.